మందుపాతరలు - శునక శిక్షణము



1942వ సంవత్సరము ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు కురిపించెను. నాఁడు మృత్యువు మింటనుండి వచ్చినది. తరువాతి కాలమున విశాఖ మన్యమునందది నేలలోనే పొంచియుండెను. మావోయిస్టులు పోలీసులకై పాతిన మందుపాతరలకు దారిన పోవు గిరిజనులును బలియైరి.

లోహమును కనిపెట్టు యంత్రమునకు కొయ్యపెట్టెలోని ప్రేలుడుమందు చిక్కదు. కుక్క ముక్కునకు చిక్కును. అయితే దానికి నేర్పుటెట్లు?

రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికనులు నేలలో తీఁగెలు పాతి, విద్యుత్తుచే కుక్కను బాధించి, పాతినదానికి భయపడునట్లు చేసిరి. 1944లో ఉత్తరాఫ్రికాలో పరీక్షింపఁగా నా కుక్కలు పెక్కు పాతరలను గుర్తింపక దాఁటిపోయెను. ఆంగ్లేయులు ఆహారము బహుమానముగా నిచ్చి నేర్పిన కుక్కలు ఐరోపా యుద్ధభూమిలో నక్కఱకు వచ్చెను.

మన దేశమున 1959లో మీరట్టునందు సైన్యము శునకశిక్షణ మారంభించెను. పిమ్మట హైదరాబాదు చేరువనున్న మొయినాబాదున పోలీసు కుక్కలకు శిక్షణ మిచ్చిరి. మందు వాసన పట్టిన కుక్కకు బంతియో తినుబండారమో లభించును. పట్టిన చోట నది మొఱుగక, త్రవ్వక, నిశ్చలముగాఁ గూర్చుండవలెను. కాలు తగిలినచో పాతర ప్రేలును.

వెనుక నడచు మనుష్యుని ప్రాణము దాని ముక్కుపై నాధారపడియుండును. భయపెట్టి నేర్పిన కుక్క తప్పించుకొనుటనే నేర్చెను. ఆదరించి నేర్పినది వెదకుటను నేర్చెను. పిల్లలకు బుద్ధి గఱపు పెద్దలకు ఈ చరిత్ర స్మరణీయము.