చార్మినారు: కథయు, కట్టడమును

హైదరాబాదు చార్మినారును గూర్చి విననివారు మన దేశమున అరుదు. అది ఎందులకు వెలసినదని అడిగినచో మాత్రము ఎవరి సమాధానము వారికి కలదు. మహమ్మారి అణగినందుకు కృతజ్ఞతగా నిలిపినదని కొందరు. మహమ్మదు కులీ కుతుబ్‌షా భాగమతిని తొలుత చూచిన తావున నెలకొల్పినదని మరికొందరు.

భాగమతి కథ మనోహరమైనది. రచయితలమైన మనకు దానిని విడువ మనసొప్పదు. కాని అందలి ముఖ్య ఘట్టమే కాలగణనకు నిలువదు. యువరాజు ప్రియురాలికొరకు వరదలో మూసీని దాటగా, తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా భయపడి వంతెన కట్టించెనట. ఆ పురానాపూల్ పూర్తియైనది 1578లో; యువరాజు పుట్టినది 1565లో. పదుమూడేండ్ల ప్రేమికుడు! కోట గోడల నడుమ జనము క్రిక్కిరిసి, నీటికి కొఱతపడిన గోలకొండ నది ఆవలి గట్టును వెదకుకొన్నదనుట యుక్తము.

చార్మినారు నిర్మాణము 1591 నాటిది. ఆ యేటనే హిజరీ 1000 ప్రవేశించెను. ‘యా హాఫిజ్’ అను పదముల యక్షరములను సంఖ్యలుగా కూడినచో సరిగా వేయి వచ్చును. ‘ఓ రక్షకా’ అని వాని యర్థము. మహమ్మారి వాదులకు ఇది బలము. అయినను శాసనములలో రస, గగన, చంద్రులతో సంవత్సరములు చెప్పిన మనవారివలెనే పారసీక కవులకును సంఖ్యతోపాటు అర్థమును పొసగించుట ఒక విద్య. అంతమాత్రమున వ్యాధి చరిత్ర రుజువు కాదు.

ఇక కట్టడమునే చూతము. పీష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ రచించిన నగర ప్రణాళికకు ఇది నడిబొడ్డు. గోలకొండనుండి మచిలీపట్నపు రేవునకు పోవు వర్తకపు బాట ఇచ్చటనే అడ్డుబాటను కలియును. నలుదిక్కులకు నాలుగు తోరణములు, ఒక్కొక్కటి సుమారు 36 అడుగుల వెడల్పు, మూలలకు ఎత్తైన మినారులు, పైయంతస్తున మసీదు. ఉత్తరమున చార్‌కమాను, దాని నడుమ గుల్జార్ హౌజు.

1666–67లలో మన దేశమున సంచరించిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో ఈ కట్టడపు వెలుపలి సౌందర్యమునకు ఆ నగరమున సాటి లేదని మెచ్చెను. గడ్డి కప్పిన కొయ్య పండ్లంగళ్లు చుట్టుముట్టి శోభను చెఱచుచున్నవని విసుగుకొనెను. ఆయనకు నచ్చని ఆ యంగళ్లే, కూడలి తన పనిని చక్కగా చేయుచుండెననుటకు నాకు సాక్ష్యముగా తోచును. ఆయనయే మరొక సంగతి వ్రాసెను: ఆ మేడలమీదికి నీరెక్కించి, అచ్చటినుండి రాజభవనముల పైయంతస్తులకు పంపుచుండిరట. గోలకొండ దాహమును తలచినచో ఈ చిన్న మాట ప్రేమకథకంటె విలువైనది.