పలు ప్రతులు, ఒక పాఠము

ఒకే విషయము పది చోట్ల పది విధములుగా వ్రాయబడియున్నచో, వాని నన్నిటిని కలిపి ఒక్కటిగా చేయుట ఎట్లు? ఈ ప్రశ్న నేడు కంప్యూటరు శాస్త్రమునకు చెందినదిగా తోచును. కాని సుమారు రెండువందల యేండ్లకు పూర్వమే కడపలోని ఒక బంగళాలో పండితులు కూర్చుండి ఈ పనినే చేసిరి.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ (1798–1884) ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చెను. తరువాత అచ్చట బంగళా కొని, పండితులను, వ్రాయసగాండ్రను జీతములిచ్చి నియమించెను. ఆనాటి తెలుగు గ్రంథములు చాలవరకు వ్రాతప్రతులుగానే ఉండెను. ఒక ప్రతికి మరియొక ప్రతికి పొంతన లేదు. అర్థము కాని చోట వ్రాయసగాండ్రు తమ ఊహ కొలది దిద్దుచుండిరి.

బ్రౌన్ పద్ధతి సులభమైనది. గ్రంథమునకు దొరికినన్ని ప్రతులు సేకరించి, క్రొత్తగా ఒక ప్రతి వ్రాయించెను. అందు ఒక పుటలో పద్యములుండును. ఎదుటి పుట ఖాళీ. పద్యములకు వరుస సంఖ్యలు వేయించి, తక్కిన ప్రతులలోని పాఠభేదములను ఆ సంఖ్యలను బట్టి గుర్తింపజేసెను. సాక్ష్యమంతయు కంటియెదుట చేరిన పిమ్మటనే పండితుల సాయముతో పాఠమును నిర్ణయించెను. ఆయన ప్రకటించిన వేమన పద్యములు 1829లో 693. 1839 ముద్రణములో 1164.

ఎక్కువ ప్రతులలో ఉన్న పాఠమే సరియైనదని తీర్పు చెప్పరాదా? చెప్పరాదు. అయిదు ప్రతులలో నాలుగు ఒకే మూలమును చూచి వ్రాసినవైనచో, ఆ మూలములోని తప్పు నాలుగింటను ఉండును. అవి నలుగురు సాక్షులు కావు. ఒక్క సాక్షి మాటను నలుగురు తిరిగి చెప్పుటయే.

వేమన పద్యములలో మరియొక చిక్కు కలదు. రెండు పద్యములు కొన్ని మాటలలో మాత్రమే భేదించినచో, అవి ఒక పద్యమునకు రెండు రూపములా, లేక రెండు పద్యములా? చివరి పాదము కలిసినది గదా యనిన చాలదు. ఆ మకుటము దాదాపు అన్ని పద్యములకు సమానమే. అందరికి ఉన్న గుర్తు ఎవరిని గుర్తించుటకును పనికిరాదు.

ఈ సూత్రమే నేటి నమోదు పత్రములకును వర్తించును. కర్నూలు ప్రాంతమున మద్దిలేటి అను పేరు పలువురకు కలదు. ఒక పట్టికలో 20 మందికి ఒకరు మద్దిలేటి అనుకొందము. అప్పుడు మరియొక చీటీలో ఆ పేరు కాకతాళీయముగా కలియుటకు అవకాశము 20లో 1. వెయ్యిమందిలో ఒకరికే ఉండు పేరైనచో 1000లో 1. కావున ఈ రెండవ పోలిక మొదటిదానికంటె 50 రెట్లు బలమైన సాక్ష్యము. కెనడాలో హోవర్డ్ న్యూకోంబ్, ఆయన సహచరులు వివాహ, జనన నమోదులను కంప్యూటరుతో జతపరచి, ఈ విధమైన తూకమును 1959లో ప్రకటించిరి. 1969లో ఫెల్లెగి, సన్టర్ అను గణాంక శాస్త్రజ్ఞులు దీనికి గణిత సిద్ధాంతము నిర్మించిరి. వారు జతలను మూడు కుప్పలుగా విభజించిరి: ఒకే వ్యక్తివి, వేర్వేరు వ్యక్తులవి, తేలనివి. తేలని వానిని మనిషి చూడవలెను.

ఈ పనిలో తప్పు రెండు విధములు. ఒకే వ్యక్తిని ఇద్దరుగా ఉంచినచో లెక్క పెరుగును. ఇద్దరిని ఒక్కరుగా కలిపినచో ఒకరు పట్టికనుండియే మాయమగుదురు. ఆ ఒకరు రేషను కార్డుపై ఆధారపడిన కూలీ కావచ్చును. మొదటి తప్పు పట్టికలో కనబడుచునే ఉండును, రెండవది కనబడదు. కనుక కలిపిన పిమ్మటను మూల పత్రములను పారవేయరాదు. బ్రౌన్ సేకరించిన ప్రతులు చెన్నపట్టణమునకు చేరి, అచ్చటి ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున భద్రపరచబడినవి. ఆయన తీర్పును శంకించువారు నేటికిని ఆ సాక్ష్యమును చూడవచ్చును.

కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోట నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది. విద్యార్థులు తమ ఊరి పెద్దలు అయిదుగురి నుండి ఒకే వేమన పద్యమును వ్రాసికొని, ఎదుటి పుటలో భేదములను గుర్తించి, ఎవరు ఎవరివద్ద నేర్చిరో అడిగి చూడవలెను. సాక్షులు నిజముగా ఎందరో అప్పుడు తెలియును.