కంచె కట్టవలసిన దెవరు?

“కంచే చేను మేసినట్లు” అను సామెతను మనము తరచుగా వాడుచుందుము. కాని కంచెకు స్వంతముగా నొక చరిత్ర కలదనియు, అందు పైరు గలవానికిని పశువు గలవానికిని నడుమ చిరకాలపు వ్యాజ్యము దాగియున్నదనియు తలచువారు తక్కువ. ఆ వ్యాజ్యమును నేడు కోనసీమ గట్లమీద నిలిచి పరిశీలింతము.

గౌతమీ వసిష్ఠల నడుమనున్న కోనసీమ ఒండ్రునేల. ఇచట రాయి దొరకదు. కావున అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల రైతు చేతికందిన దానితోనే పని గడుపుకొనెను. కొబ్బరి మట్టలతో, తాటి కమ్మలతో, వెదురు బద్దలతో కట్టిన దడి, తుమ్మకంప పేర్చిన ముళ్లకంచె, ఇవియే పెరటికిని తోటకును రక్ష. వానలు వెళ్లునప్పటికి దడి కుళ్లును, మరల కట్టవలెను. అందుచేత కంచెకన్న కాపరియే ముఖ్యుడు. దొంగమేతకు మరిగిన పశువు మెడలో గుదికఱ్ఱ వ్రేలాడదీసెడివారు. “గుదిబండ” యను మాటను నేడు సంసారపు బరువులకు వాడుచున్నాము గాని, మొదట అది పశువు మెడలోనిదే.

1847లో ఆర్థర్ కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట పని నారంభించెను; 1852 నాటికి అది పూర్తియయ్యెను. గన్నవరము వద్ద వైనతేయ పాయమీద కట్టిన అక్విడక్టు నగరం లంకకు గూడ కాలువనీటిని చేర్చెను. నీరు వచ్చుట భాగ్యమే. కాని బీడు మడియైనచోట పశువునకు మేత పోవును. మేతభూమి తగ్గి పైరుభూమి పెరిగినపుడు తగవులు పెరుగుట సహజము.

ఆ తగవులను తీర్చుటకు దేశమంతట అమలుజరిగిన శాసనము 1871వ సంవత్సరపు పశువుల అక్రమ ప్రవేశ చట్టము. పైరులో పడిన పశువును రైతు పట్టుకొని 24 గంటలలోగా బందెలదొడ్డికి తోలవలెను. నాటి జరిమానా గేదెకు 8 అణాలు, ఆవునకు, ఎద్దునకు 4 అణాలు, దూడకు 2 అణాలు, మేకకు 1 అణా. ఏనుగునకు సైతము 2 రూపాయలని వ్రాసియుంచిరి! దీనికి తోడు మేపుడు ఖర్చు. 7 దినములలో ఎవ్వరును రానిచో ప్రకటన వేసి, మరి 7 దినములు చూచి, వేలము వేయుదురు.

ఇందలి కీలక మిది: కంచె కట్టలేదని శాసనము రైతును తప్పుపట్టలేదు, పశువును అదుపులో నుంచు భారమును యజమానిమీదనే మోపినది. భూమి గలవానికి ఇది న్యాయముగనే తోచును. కాని ఒక్క గేదె తప్ప సెంటు భూమియు లేని కూలివాని మాట యేమి? వాని పాడి యంతయు గట్టుగడ్డి మీదనే. గేదె ఒక్క గడియ దారితప్పినచో పిల్లల పాలు బందెలదొడ్డిలో చిక్కుకొనును.

అమెరికా పశ్చిమ మైదానములలో నాచారము దీనికి విరుద్ధము. అచట పశువులు స్వేచ్ఛగా తిరిగెడివి. పైరు కావలెనన్నవాడే కంచె కట్టుకొనవలెను. చెట్లు లేని ఆ మైదానములలో కంచెకు కఱ్ఱ యెక్కడిది? 1874లో ఇల్లినాయి రాష్ట్రపు రైతు జోసెఫ్ గ్లిడెన్ ముళ్లతీగెకు పేటెంటు పొందెను. కొలది దశాబ్దములలోనే ఆ తీగె మైదానములను ముక్కలు చేసి, విచ్చలవిడి మేతకు స్వస్తి చెప్పినది.

ముళ్లతీగె మన దేశమునకును వచ్చినది. కోనసీమలో దానికి రెండు శత్రువులు: ఉప్పుగాలి, తుప్పు. అదిగాక ముల్లు పశువు పొదుగును చీల్చును. ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున న్యూజిలండు వంటి దేశములలో వ్యాపించిన హైటెన్సైల్ తీగె కంచెకు ముండ్లు లేవు. జింకుపూత పూసిన, సుమారు 2.5 మిల్లీమీటర్ల మందముగల ఆ ఉక్కుతీగె 500 కిలోలకు మించిన లాగుడును ఓర్చును. పశువు ఒరిగినచో వంగి, మరల బిగియును. గుంజలు తక్కువైనను చాలును. కాని బిగువంతయు మూలగుంజలపై పడును. మన మెత్తని తడినేలలో ఆ గుంజలను లోతుగా పాతి, ఏటవాలు దన్ను పెట్టకున్న కంచె యంతయు వదులగును. దానికి విద్యుత్తు కలుపువారు క్షణికమైన చిన్న తాకులనిచ్చు ప్రత్యేక యంత్రమునే వాడవలెను. ఇంటి కరెంటును తీగెకు తగిలించుట ప్రాణాంతకము, నేరము గూడ.

బందెలదొడ్డి నేడు అనేక గ్రామములలో పేరుగా మాత్రమే మిగిలినది. తీగె యెంత గట్టిదైనను పాత ప్రశ్న తీరలేదు. కంచె వేయుటకు ముందు, ఇవతలి పైరుతోపాటు అవతలి పశువునకు మేత యెక్కడనని గూడ ఒక్కమారు ఆలోచించిన గ్రామమున కంచె చేనును కాచును. ఇరుగుపొరుగుల పొత్తునుగూడ కాచును.