రెండు నాణేల నడుమ మునగాల



ఐరోపా పటంలో ఇటలీ దేశం కడుపులో నువ్వుగింజంత చుక్క ఒకటి కనబడుతుంది. అది సాన్ మారినో. మొత్తం 61 చదరపు కిలోమీటర్లు, అయినా స్వతంత్ర దేశమే. సముద్రం లేదు, చుట్టూరా ఇటలీయే. ఏ సరుకు వచ్చినా పోయినా ఆ నేల మీదుగానే. అందుకే 1862లోనే ఇటలీతో సుంకాల విషయమై ఒడంబడిక చేసుకున్నది.

అంతదూరం ఎందుకండీ, అటువంటి ముక్క మన సూర్యాపేట, కోదాడల నడుమనే ఉండేది. మునగాల పరగణా! చుట్టూ నిజాం రాజ్యం. ఇది మాత్రం ఇంగ్లీషువారి కృష్ణా జిల్లా, నందిగామ తాలూకా. తాలూకా కచేరీకి పోవాలన్నా నిజాం నేల దాటవలసిందే. సూర్యాపేట బజారుకు సరుకు తోలితే కరోడ్‌గిరీవారికి సుంకం కట్టాలి. అక్కడ చెల్లేది హాలీ సిక్కా. ఇంగ్లీషు రూపాయలు 6 ఇస్తే హాలీవి 7. ఈ లెక్క రానివాడి గతేమిటో మీరే ఊహించండి. సాన్ మారినోవారి కున్నట్టు ఒడంబడిక చేసుకునే హక్కు ఈ రైతులకు ఎక్కడిది? వీరిపైన జమీందారు, ఆ పైన దొరలు.

జమీందారు రాజా నాయని వెంకట రంగారావుగారు విద్యాప్రియులు. ఆయన దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు. 1901లో హైదరాబాదున వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయానికి వీరి అండ ఉన్నది. పింగళి వెంకయ్యగారు నడిగూడెంలో కంబోడియా పత్తి పండించి 'పత్తి వెంకయ్య' అనిపించుకున్నది కూడా రాజావారి ఆదరణతోనే. మా శాఖవాళ్లకు ఆయన జెండాకంటె పత్తి ముందు గుర్తుకొస్తుంది! కాని అదే పరగణాలో వెట్టి ఉన్నది. 1930 తరువాత రైతులు దానిపై తిరగబడ్డారు. పుస్తకాలకు పోసిన సొమ్ము ఎవరి చెమటో, ఆ మాట దాచి చరిత్ర చెప్పడం నాకు ఇష్టం లేదు.

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. పొలిమేర అవతల జాగీర్లు 1949లో పోయినవి, కౌలుదారీ చట్టం 1950లో వచ్చింది. గట్టుకు ఇటు ఒక చట్టం, అటు మరొకటి. 1953లో పరగణా ఆంధ్ర రాష్ట్రంలో పడింది, 1956లో ఆంధ్రప్రదేశ్‌లో, 1959లో నల్లగొండ జిల్లాలో. 2014లో తెలంగాణ, 2016లో సూర్యాపేట జిల్లా. ఊరు మాత్రం అంగుళం కదలలేదు!

1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీరు వదిలే నాటికి ఆ పొలిమేర చెరిగి 8 ఏండ్లు. ఎడమ కాలువ మిర్యాలగూడను, కోదాడను వరి సీమలుగా మార్చింది. రెండు ప్రభుత్వాలుంటే తూముల వాటా ఎన్నటికి తేలేదో!

మొన్న ఒక పెద్దాయన సంచిలోంచి నలిగిన కాగితం తీసి, "ఇందులో కృష్ణా జిల్లా అని ఉందేం సారూ, మా భూమి కాదా?" అని కంగారుపడ్డాడు. మునగాల, నడిగూడెం రైతులు గమనించండి: 1959కి ముందటి కాగితాల్లో ఆ పేరే ఉంటుంది. పారవేయకండి.