ప్రభువు బల్ల పుట్టుపూర్వోత్తరాలు

క్రైస్తవ ఆరాధనలో రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారానికి తెలుగు సంఘాల్లో పేర్లు చాలానే ఉన్నాయి. కొందరు ప్రభువు బల్ల అంటారు, కొందరు ప్రభురాత్రి భోజన సంస్కారం అంటారు. బ్రదరెన్ సహవాసాల్లో అది రొట్టె విరవడం, కథోలికులకు దివ్యబలిపూజ. అన్నిటికీ మూలం ఒక్కటే: యేసు తన శిష్యులతో కలిసి చేసిన చివరి రాత్రి భోజనం. ఈ ఆరాధనలో చేసే ప్రతి పనికీ అర్థం ఆ భోజనంలోనే వెతకాలి.

ఆ భోజనానికి నేపథ్యం యూదుల పస్కా పండుగ. ఐగుప్తు దాస్యం నుంచి విడుదలైన రాత్రిని తలచుకుంటూ యూదులు గొర్రెపిల్ల మాంసం, పులియని రొట్టె, చేదుకూరలు తినేవారు. రొట్టె చేతపట్టి, దేవుణ్ణి స్తుతించి, విరిచి అందరికీ ఇవ్వడం ఇంటిపెద్ద చేసే పని. మత్తయి, మార్కు, లూకా సువార్తల ప్రకారం యేసు పస్కా విందులోనే రొట్టె తన శరీరమనీ, పాత్రలోనిది తన నిబంధన రక్తమనీ చెప్పాడు.

ఈ భోజనం గురించి దొరికే తొలి రాత సువార్తల కన్నా ముందటిది. క్రీ.శ. 55 ప్రాంతంలో అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక అది. ఒక తప్పును దిద్దడానికి పౌలు ఆ మాట ఎత్తాడు. కొరింథు విశ్వాసులు ఒకచోట చేరి కడుపునిండా తినే విందులోనే రొట్టె విరిచేవారు. కలిగినవారు ఎవరి తిండి వారు ముందే తినేసేవారు, లేనివారు ఆకలితో మిగిలేవారు. పేదలు సిగ్గుపడేలా తిన్నది ప్రభువు భోజనమే కాదని పౌలు మందలించాడు.

2వ శతాబ్దానికి విందు వేరు, ఆరాధన వేరు అయ్యాయి. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో ఉన్న జస్టిన్ అనే క్రైస్తవ బోధకుడు ఆదివారపు ఆరాధనను పూసగుచ్చినట్టు వివరించాడు. అపొస్తలుల, ప్రవక్తల రాతలు చదవడం, బోధ, అందరూ లేచి నిలబడి ప్రార్థించడం, రొట్టెనూ నీళ్లు కలిపిన ద్రాక్షారసాన్నీ తెచ్చి ఉంచడం, స్తుతి చెల్లించడం, సభ ఆమేన్ అనడం, తర్వాత పంచుకోవడం. రాలేనివారికి పరిచారకులు ఇంటికి తీసుకెళ్లి ఇచ్చేవారు. కానుకలు అనాథలకు, విధవరాండ్రకు, రోగులకు వెళ్లేవి. నేటి ఆరాధన క్రమానికి చట్రం అప్పటికే సిద్ధమైంది. కానుకల సంచి ఆరాధనలోకి వచ్చింది కూడా పేదల ఆకలి తీర్చడానికే.

4వ శతాబ్దంలో యెరూషలేములో కొత్తగా బాప్తిస్మం పొందినవారికి ఈ ఆచారాల అర్థాన్ని వరుసగా బోధించేవారు. బిషప్పు సిరిల్ పేరుతో ఆ బోధలు నేటికీ దొరుకుతున్నాయి. రొట్టె తీసుకునేటప్పుడు ఎడమ చేతిని కుడి చేతికి సింహాసనంలా ఉంచి, అరచేతిని దోసిలిలా వంచాలని, రాజు అందులోకి వస్తాడని వాటిలో ఉంది. చిన్న ముక్క కూడా కింద రాలకూడదని హెచ్చరిక కూడా ఉంది. బలిపీఠం ముందు మోకరించి, ఎడమ చేతి మీద కుడి అరచేయి చాచే నేటి విశ్వాసి ఆ పాఠాన్నే పాటిస్తున్నాడు.

మధ్యయుగాల్లో ఐరోపాలో భయభక్తులు పెరిగి, జనం రొట్టె తీసుకోవడం తగ్గింది. 1215లో జరిగిన లాటరన్ మహాసభ కనీసం ఏడాదికి ఒకసారైనా స్వీకరించాలని నియమం పెట్టవలసి వచ్చింది. 1415లో కాన్‌స్టాన్స్ మహాసభ పాత్రను గురువులకే పరిమితం చేసింది. సంస్కరణ ఉద్యమం పాత్రను మళ్లీ జనం చేతికిచ్చింది. 1525లో జూరిక్‌లో సంస్కర్త జ్వింగ్లీ చర్చి మధ్యలో బల్ల వేయించి, చెక్క పళ్లేల్లో రొట్టెను కూర్చున్నవారి దగ్గరికే పంపించాడు. అయితే 1529లో మార్బర్గ్‌లో జర్మనీ సంస్కర్త లూథర్, జ్వింగ్లీ కలిసి కూర్చున్నా ఏకాభిప్రాయానికి రాలేకపోయారు. ‘ఇది నా శరీరం’ అన్న మాటను లూథర్ బల్ల మీద సుద్దముక్కతో రాసుకుని, ఉన్నది ఉన్నట్టే నమ్మాలన్నాడు. జ్వింగ్లీ అది జ్ఞాపకార్థమైన గుర్తు అన్నాడు. సంఘాల మధ్య ఆ తేడా నేటికీ ఉంది.

పులియని ద్రాక్షరసం వాడకం ఇటీవలిది. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అనే మెథడిస్టు దంతవైద్యుడు రసాన్ని వేడిచేసి పులియకుండా నిలవ చేశాడు. సూక్ష్మజీవుల గురించి తెలిశాక, 1890ల నుంచి అక్కడి సంఘాల్లో ఉమ్మడి పాత్రకు బదులు చిన్న గ్లాసులు వచ్చాయి.

భారతదేశంలో ఒకే పాత్ర వేరే పరీక్ష పెట్టింది. దక్షిణాదిలో కొన్ని సంఘాల్లో కులాలవారీగా కూర్చుని, వంతులవారీగా సంస్కారం తీసుకునేవారు. 1833లో కలకత్తా బిషప్పు డేనియల్ విల్సన్ ఆ భేదాలను వెంటనే వదిలేయాలని ఆదేశించగా, తంజావూరు ప్రాంతంలో చాలామంది సంఘానికి దూరమయ్యారు. కొరింథు తప్పే ఇక్కడ కులం రూపంలో ఎదురైంది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. 1950లో వెలువడిన ఆ సంఘపు ఆరాధన క్రమంలో గురువు బల్ల వెనుక, సభకు ఎదురుగా నిలబడతాడు. రొట్టె విరవకముందే ‘సమాధానం’ (శాంతి) చేతి నుంచి చేతికి అందుతుంది: ఇచ్చేవారి కుడి అరచేయి పుచ్చుకునేవారి కుడి అరచేతికి ఆని, ఇద్దరి ఎడమ చేతులూ పైన మూసుకుంటాయి. తొలి సంఘంలో విశ్వాసులు ఒకరికొకరు పెట్టుకున్న పరిశుద్ధమైన ముద్దుకు ఇది మన దేశపు రూపం. కేరళలోని సిరియన్ క్రైస్తవుల నుంచి వచ్చిన ఈ పద్ధతికి అర్థం, తగవు తీర్చుకున్నాకే బల్ల దగ్గరికి రావాలని.

2వ శతాబ్దంలో ఆరాధన నుంచి విడిపోయిన విందు కూడా కొన్నిచోట్ల తిరిగి వచ్చింది. హైదరాబాద్‌లో సువార్తికుడు భక్తసింగ్ నెలకొల్పిన హెబ్రోను సంఘంలోనూ, ఆ బాటలో నడిచే సహవాసాల్లోనూ ఆదివారం రొట్టె విరిచాక ‘ప్రేమ విందు’ ఉంటుంది. వచ్చినవారందరూ కులం, హోదా చూడకుండా ఒకే వరుసలో కూర్చుని అన్నం తింటారు.