ద్విపద గొంతు – ర్యాప్ గొంతు

ర్యాప్‌ను ఒట్టి గోలగా తీసివేసే విమర్శకులలో మొన్నటివరకు నేనూ ఒకడిని. హనుమకొండలో ద్విపద బోధిస్తూ ఆ అభిప్రాయం మార్చుకోవలసివచ్చింది.

కాకతీయుల నాటి పాలకురికి సోమన ద్విపదలో ప్రాస రెండవ అక్షరానిది, అంటే పాదం మొదట్లోనే. 1973లో న్యూయార్కు బ్రాంక్స్‌లో పుట్టిన ర్యాప్‌కు ఊనిక పాదాంతం మీద. కనుక ద్విపద చదివే గొంతు ముందే నొక్కి పిదప సాగుతుంది. ర్యాపర్ గొంతు చివరికి పరుగెత్తుతుంది. రోల్ రైడా హైదరాబాదు వీధిమాటను దాని యాస చెడకుండానే ఆ చివరిదెబ్బకు చేరుస్తాడు. నోయెల్ ఇంగ్లీషు కలుపుకొని వేగం సాధిస్తాడు. ఆ వేగంలో తెలుగు దీర్ఘాలు కురచబడినట్లు నా చెవికి తోస్తుంది. (మాత్రలు లెక్కించే పంతులు చెవి ఇది!)

ఒగ్గుకథకుడు చుక్క సత్తయ్య (1935–2017) ఊపిరి తీసుకొనే వేళ డోలు, వంతగాళ్లు కథను మోసేవారు. ఒంటరి ర్యాపర్ మాత్రం తన ఊపిరిని మాటల సందులోనే దాచుకోవాలి.