ఓటు లేని పీఠము

కోనసీమలో ముమ్మిడివరము పేరు చెప్పగానే పెద్దలకు మొదట జ్ఞప్తికి వచ్చునది ఒక మౌనమూర్తి. ఏటికొకమారు మహాశివరాత్రినాడు దర్శనమిచ్చుచు, పలుకక కూర్చుండిన బాలయోగిని చూచుటకై వేలకొలది జనము ఆ ఊరికి తరలివచ్చెడివారు. అదే పేరు గల మరియొకరు అదే సీమనుండి వెడలి, ఢిల్లీలో వేరొక ఆసనమున కూర్చుండిరి. ఆయన గంటి మోహనచంద్ర బాలయోగి. 1998 మార్చి 24 మొదలు 2002 మార్చి 3 వరకు లోక్‌సభకు ఆయన సభాపతి. ఆ ఆసనమునకు ఆంగ్లమున స్పీకరు అని పేరు, అనగా మాటలాడువాడు అని అర్థము. కాని సభలో తన అభిప్రాయమును చెప్పకూడనివాడు ఆయన ఒక్కడే. ఓటు వేయకూడనివాడును ఆయనయే. ఈ కట్టుబాటు ఏల ఏర్పడినది? అందువలన మనకు కలిగిన మేలేమి, నష్టమేమి? మా కోనసీమవారికి ఈ ప్రశ్న పుస్తకములలోని ప్రశ్న కాదు. ఒకనాడు దేశ ప్రభుత్వము నిలుచునా కూలునా అన్న వేళ మా ప్రాంతపు ఓటు లెక్కకు రాలేదు. ఆ కథనే ఇచట చెప్పదలచితిమి.

స్పీకరు అన్న పేరు వచ్చిన త్రోవ తెలిసికొనదగినది. పూర్వము ఇంగ్లండులో ప్రజాప్రతినిధులు తమ మాటను రాజు సన్నిధికి చేర్చుటకై తమలో ఒకనిని ఎన్నుకొనెడివారు. 1377లో సర్ థామస్ హంగర్‌ఫర్డు ఆ బిరుదును మొదట పొందెను. రాజునకు రుచింపని మాట వినిపించుట ప్రాణాపాయముతో కూడిన పని. 1642 జనవరి 4న మొదటి చార్లెసు రాజు ఐదుగురు సభ్యులను పట్టుకొనుటకై సాయుధులను వెంటబెట్టుకొని స్వయముగా సభకు వచ్చెను. వారెక్కడ నున్నారని సభాపతియైన లెంథాలును అడిగెను. సభ ఆజ్ఞాపించినదానిని తప్ప చూచుటకు కన్నులుగాని పలుకుటకు నాలుకగాని తనకు లేవని లెంథాలు మోకరిల్లి విన్నవించెను. సభాపతి విధేయత రాజునకు గాక సభకే చెందవలెనను ధర్మమునకు నేటికిని ఆ సంఘటనయే ఉదాహరణముగా నిలిచియున్నది.

మన దేశమున కేంద్ర శాసనసభకు అధ్యక్షుడుగా ఎన్నికైన మొదటి భారతీయుడు విఠల్‌భాయి పటేలు. అది 1925 నాటి మాట. 1928 సెప్టెంబరులో ప్రజాభద్రత బిల్లుపై ఇరుపక్షములకును 61 చొప్పున సమానముగా ఓట్లు రాగా, పటేలు తన ఓటును బిల్లునకు వ్యతిరేకముగా వేసి, తెల్లదొరల ప్రభుత్వము కోరిన ఆ చట్టమును త్రోసివేసిరి. అధ్యక్షుని ఓటు ఎంతటి బలముగలదో దేశమునకు నాడు తెలియవచ్చినది.

స్వతంత్ర భారత రాజ్యాంగము ఈ విషయమును 100వ అధికరణములో స్పష్టముగా నిర్ణయించినది. ఏ ప్రశ్నయైనను హాజరై ఓటు వేసిన సభ్యుల ఆధిక్యముచేతనే తేలవలెను. సభాపతి మొదట ఓటు వేయరాదు. ఇరుపక్షముల ఓట్లు సమానమైనప్పుడు మాత్రము ఆయన తన నిర్ణాయకమైన ఓటును వేయవలెను. అనగా పీఠమునెక్కిన సభ్యుని ఓటు పోలేదు. తూకము సరిసమానమైన క్షణముకొరకు అది దాచియుంచబడినది.

లోక్‌సభకు గల అధికారములు ముఖ్యముగా మూడు. శాసనములు చేయుట ఒకటి. పన్నులకును ప్రభుత్వ వ్యయమునకును అనుమతి నిచ్చుట రెండవది. ప్రభుత్వమును నిలుపుట, దింపుట మూడవది. మంత్రివర్గము సమష్టిగా లోక్‌సభకు బాధ్యత వహింపవలెనని 75వ అధికరణము చెప్పుచున్నది. ఆ ఒక్క వాక్యమునుండియే మూడవ అధికారము పుట్టినది. 1963 ఆగస్టులో నెహ్రూ మంత్రివర్గముపై ఆచార్య కృపలానీ మొట్టమొదటి అవిశ్వాస తీర్మానమును తెచ్చిరి. దానికి అనుకూలముగా 62, ప్రతికూలముగా 347 ఓట్లు వచ్చినవి. నేటివరకు అట్టి తీర్మానము నెగ్గి ప్రభుత్వము పడిపోయిన సందర్భము లోక్‌సభలో లేదు. కాని ప్రధానులు తామే విశ్వాసము కోరి ఓడిన సందర్భములు మూడు కలవు. 1990 నవంబరులో వి.పి. సింగు, 1997 ఏప్రిలులో దేవెగౌడ, 1999 ఏప్రిలులో వాజపేయి అట్లు ఓడిరి. ఈ మూడవ సందర్భమున పీఠముపై నున్నవారు బాలయోగి.

ఆయన 1951 అక్టోబరు 1న ఎదుర్లంకలో జన్మించిరి. ముమ్మిడివరమునుండి యానాము వైపు పోవు బాటలో గౌతమి ఒడ్డున నున్న గ్రామమది. ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివి, కాకినాడలో వకీలుగా పనిచేసిరి. మేజిస్ట్రేటు పదవికి ఎంపికయ్యును ఆ కొలువు విడిచి మరల న్యాయవాద వృత్తికి వచ్చిరి. 1987లో తూర్పుగోదావరి జిల్లా ప్రజాపరిషత్తుకు అధ్యక్షులైరి. షెడ్యూల్డు కులములకు కేటాయింపబడిన అమలాపురము నియోజకవర్గమునుండి 1991లో లోక్‌సభకు ఎన్నికైరి. 1996లో అచటనే ఓడిపోయిరి. ఆ పిమ్మట ముమ్మిడివరము ఉపఎన్నికలో గెలిచి రాష్ట్ర శాసనసభకు పోయి, ఉన్నత విద్యామంత్రి అయిరి. 1998లో మరల అమలాపురమునుండి లోక్‌సభకు నెగ్గి, 46 ఏండ్ల వయస్సున సభాపతి పీఠము నధిష్ఠించిరి. ఆ పీఠమునెక్కిన మొదటి దళితుడు ఆయనయే.

ఆయనకు ముందు మన రాష్ట్రమువారు ఇరువురు ఆ స్థానమును అలంకరించియుండిరి. తిరుచానూరులో పుట్టిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు 1956 నుండి 1962 వరకు సభాపతి. నీలం సంజీవరెడ్డి 1967లోను, మరల 1977లోను ఎన్నికైరి. 1967లో సంజీవరెడ్డి సభాపతి కాగానే తమ పార్టీ సభ్యత్వమును వదలుకొనిరి. చట్టము అట్లు చేయుమని నిర్బంధింపదు. ఒక పక్షము గుర్తుపై గెలిచినవాడు ఆ పక్షమున ఉండియే అందరికిని సమానుడుగా మెలగవలెనని మాత్రమే సభ కోరును. చెప్పుటకు సులభమైన ఈ ధర్మమును ఆచరించుట ఎంత కష్టమో 1999 ఏప్రిలు 17న తేటపడినది.

1998 మార్చి 28న వాజపేయి ప్రభుత్వము 274 ఓట్లతో నెగ్గినది; ప్రతికూలముగా వచ్చినవి 261. తెలుగుదేశము పక్షము మంత్రివర్గమున చేరక, వెలుపలినుండి ఆ ప్రభుత్వమును బలపరచుచుండెను. బాలయోగి ఆ పక్షమువారే. 1999 ఏప్రిలు 14న అన్నా డి.ఎం.కె. తన మద్దతును ఉపసంహరించుకొనగా, సభ విశ్వాసమును పొందవలసినదని రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ప్రధానిని కోరిరి. సభలో సుదీర్ఘమైన చర్చ సాగినది. ఎవరు ఎటు మొగ్గుదురో లెక్కలు వేయువారికి నిద్ర లేదు.

ఆనాడు సభలో ఒక చిక్కు ప్రశ్న తలయెత్తినది. ఒరిస్సాలోని కోరాపుట్ సభ్యులు, కాంగ్రెసు పక్షమువారు అయిన గిరిధర్ గమాంగు అంతకు రెండు నెలల ముందే ఆ రాష్ట్రమునకు ముఖ్యమంత్రి అయియుండిరి. లోక్‌సభ సభ్యత్వమునకు మాత్రము ఇంకను రాజీనామా చేయలేదు. ఒక రాష్ట్రమును పాలించు ముఖ్యమంత్రి కేంద్ర ప్రభుత్వ భవితవ్యమును నిర్ణయించు ఓటు వేయవచ్చునా? ప్రభుత్వ పక్షము అభ్యంతరము చెప్పినది.

చట్టమేమి చెప్పుచున్నదో చూతము. పార్లమెంటులోను రాష్ట్ర శాసనసభలోను ఒకే వ్యక్తి ఏకకాలమున సభ్యుడుగా ఉండరాదని 101వ అధికరణము చెప్పును. గమాంగు అప్పటికి ఒరిస్సా శాసనసభకు ఎన్నిక కాలేదు. సభ్యుడు కానివాడు ఆరు నెలలవరకు మంత్రిగా ఉండవచ్చునని 164వ అధికరణము అనుమతించుచున్నది. లాభకరమైన పదవిలో నున్నవాడు సభ్యత్వమునకు అనర్హుడను నియమమునుండి 102వ అధికరణము మంత్రి పదవిని మినహాయించినది. కావున ఆయనను ఆపుటకు చట్టమున ఆధారము లేదు. ఔచిత్యము మాత్రము వేరు ప్రశ్న. బాలయోగి ఆ రెంటిని కలుపలేదు. ఓటు వేయుటయా మానుటయా అన్నది ఆ సభ్యుని అంతరాత్మకే విడిచిపెట్టిరి. గమాంగు ఓటు వేసిరి.

గంటలు మ్రోగినవి. తలుపులు మూయబడినవి. లెక్క తేలినది. విశ్వాసమునకు అనుకూలముగా 269, ప్రతికూలముగా 270. ఒక్క ఓటుతో దేశ ప్రభుత్వము పడిపోయినది. వాజపేయి ఆనాడే రాజీనామా సమర్పించిరి.

ఆ ఒక్క ఓటు ఎవరిదని నాటినుండి చర్చ సాగుచునే యున్నది. గమాంగుదని కొందరందురు. తన పార్టీ ఆజ్ఞను కాదని ఓటు వేసిన నేషనల్ కాన్ఫరెన్సు సభ్యులు సైఫుద్దీన్ సోజుదని మరికొందరందురు. నిజమునకు తేడా ఒక్కటే అయినప్పుడు 270 మందిలో ప్రతివాని ఓటును ఆ ఒక్క ఓటే. అయితే ఆనాడు పడని ఓటు ఒకటి కలదు. అది అమలాపురము సభ్యునిది. ఎదుర్లంక, ముమ్మిడివరము, అమలాపురము, రాజోలు ప్రజలు పంపిన ప్రతినిధి సభలో అందరికంటె ఎత్తైన ఆసనమున కూర్చుండియు ఓటు వేయలేకపోయిరి. మా ప్రాంతమునకు దక్కిన గౌరవమే మా ఓటును ఆపివేసినది.

ఇందులో ఇంకొక సంగతి కలదు. సభాపతి గమాంగును వారించియున్న ఎడల లెక్క ఏమగును? 269కి 269. తూకము సరిసమానము. అప్పుడు 100వ అధికరణము ప్రకారము నిర్ణాయకమైన ఓటు బాలయోగి చేతికే వచ్చియుండును. చర్చ జరుగుచున్న వేళ ఈ లెక్క ఎవరికిని తెలియదు. అయినను తన పక్షము బలపరచు ప్రభుత్వము అపాయములో నున్నదని ఆయన ఎరుగరా? ఎరుగుదురు. చట్టమున లేని అడ్డును పీఠమునుండి కల్పించియున్నచో, పిదప ఆయన తీర్పునుగాని ఓటునుగాని నమ్మువారెవరు?

ఆయన నిర్ణయమును తప్పుపట్టువారు నేటికిని కలరు. సభ మర్యాదను నిలుపుటకు సభాపతి గట్టిగా ఆజ్ఞాపింపవలసినదని వారి వాదము. ముఖ్యమంత్రి ఓటు వేయుట ఉచితము కాదని మాకును తోచును. కాని అనుచితమైన ప్రతిదానిని నిషేధించు అధికారము పీఠమునకు ఇచ్చినచో, రేపు ఆ పీఠమునెక్కువాడు తనకు అనుచితమని తోచిన ఓటును త్రోసిపుచ్చగలడు. సభ్యుని తప్పునకు సభ్యుడు ప్రజలకు సమాధానము చెప్పుకొనును. సభాపతి తప్పు చేసినచో లెక్కయే చెడును.

ఒక్క ఓటుతో ప్రభుత్వములు పడిపోవుట మన దేశమునకే చెందిన వింత కాదు. సరిగా ఇరువది ఏండ్ల క్రిందట, 1979 మార్చి 28న బ్రిటనులో కాలహాన్ ప్రభుత్వము 311కి 310 ఓట్లతో ఓడిపోయి, ఎన్నికలకు పోవలసివచ్చెను. రెండు చోట్లను ఓడినవారు లెక్కను శిరసావహించిరి. సైన్యము కదలలేదు. దుకాణములు మూతపడలేదు. లెక్క పెట్టువాడు లెక్కలో వ్రేలు పెట్టలేదన్న విశ్వాసమే దానికి మూలము.

సభాపతి పని అంతటితో తీరలేదు. ఆ సంవత్సరపు బడ్జెటు అప్పటికి ఇంకను ఆమోదము పొందలేదు. ప్రభుత్వము పడిపోయినను జీతములు, పింఛనులు, సైనికుల వ్యయము ఆగుటకు వీలులేదు గదా! పక్షములన్నియు ఒప్పుకొనగా, చర్చ లేకుండగనే లోక్‌సభ దానిని ఆమోదించినది. ఒక అధికారముతో ప్రభుత్వమును దింపిన సభ, మరియొక అధికారముతో రాజ్యమును నడిపించినది. ఏప్రిలు 26న సభ రద్దయినది. అయినను 94వ అధికరణము ప్రకారము క్రొత్త సభ మొదటిమారు కూడుటకు ముందటి క్షణమువరకు పాత సభాపతి తన పదవిలోనే ఉండును. సభ్యులందరును మాజీలైన ఆ నెలలలో బాలయోగి మాత్రము సభాపతియే.

ఆ శరత్కాలమున జరిగిన ఎన్నికలలో అమలాపురము ప్రజలు ఆయననే మరల గెలిపించిరి. 1999 అక్టోబరు 22న క్రొత్త లోక్‌సభ ఆయననే మరల సభాపతిగా ఎన్నుకొన్నది. 2000లో ఆయన కాలముననే లోక్‌సభకు సభ్యుల నడవడిని విచారించు నైతిక సంఘము ఏర్పడినది. 2001 డిసెంబరులో, సభామధ్యమునకు దూసికొనివచ్చి అల్లరి చేయు సభ్యుడు సభాపతి పేరు పెట్టి పిలువగానే సస్పెండు అగునట్లు నియమము చేర్చబడినది. 2002 మార్చి 3న కృష్ణా జిల్లా కైకలూరు వద్ద హెలికాప్టరు కూలి ఆయన మరణించిరి. అప్పటికి ఆయన వయస్సు 50 ఏండ్లు.

పార్లమెంటు గ్రంథాలయ భవనము ఆ తరువాత రెండు నెలలకు ప్రారంభమైనది. అందలి సభామందిరమునకు ఆయన పేరుంచిరి. ఎదుర్లంకకు యానామునకు నడుమ గౌతమిపై కట్టిన వారధి కూడ 2002లోనే తెరువబడినది. పూర్వము పంటుపై ఏరు దాటిన జనము నేడు బాలయోగి వారధిపై సాగిపోవుచున్నారు. 2022లో కోనసీమ ప్రత్యేక జిల్లా అయినది. 2023లో లోక్‌సభ క్రొత్త భవనమునకు తరలిపోయినది. ఆయన కూర్చుండిన పాత భవనమును నేడు సంవిధాన సదనమని పిలుచుచున్నారు.

ఎన్నికలనాడు ముమ్మిడివరము బడిలో వరుసకట్టి నిలుచు ఓటరు, తన ప్రతినిధి ఢిల్లీలో తన పక్షమున చేయియెత్తవలెనని కోరుట సహజము. ఆ కోరిక న్యాయమైనదే. 1999 ఏప్రిలు 17న మాత్రము మా సీమ దేశమునకు ఒక ఓటును ఇయ్యలేదు, 539 ఓట్లను నిష్పక్షపాతముగా లెక్కించు ఒక మనుష్యుని ఇచ్చినది. ఆ లెక్కను గెలిచినవారును ఓడినవారును నమ్మిరి. ఆరు నెలలకు అమలాపురము ప్రజలు ఆయనను మరల ఎన్నుకొనిరి గనుక, తమ ఓటు వృథాపోయినదని వారు తలచలేదని మా విశ్వాసము.